కోన దారి, గట్టు దారి: శేషాచలం రాతిలో నీటి లెక్క

తిరుపతి నుంచి తిరుమలకు బస్సులో వెళ్లేవారు కిటికీలోంచి కాస్త నిదానంగా చూస్తే, కొండ రెండు రకాల రాయితో నిలబడి ఉందని తెలుస్తుంది. అడుగున ఏటవాలుగా, గుండ్లుగుండ్లుగా, చెట్టూ చేమా పట్టి ఉన్నది గ్రానైటు. దాని నెత్తిన గోడ కట్టినట్టు నిలువుగా, పొరలుపొరలుగా, ఎరుపు పసుపు కలిసిన రంగులో ఉన్నది క్వార్ట్‌జైటు, అంటే ఒకానొక కాలంలో నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి బండగా మారిన రాయి. ఈ రెండూ కలిసే గీతను భూవిజ్ఞానులు ఎపార్కియన్ అసంగతి అంటారు. కింది రాయి వయసు 210 కోట్ల ఏళ్లకు పైబడినది, పై రాయి వయసు సుమారు 160 కోట్ల ఏళ్లు. కనక ఆ గీత మీద వేలు పెడితే, వేలి కిందా మీదా ఉన్న రాళ్ల మధ్య ఎంత తక్కువగా లెక్కవేసినా 50 కోట్ల ఏళ్ల కాలం ఏ రాయీ మిగల్చకుండా జారిపోయిందన్నమాట. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. దర్శనం టోకెను గురించి ఆలోచించుకుంటూ కూర్చున్న యాత్రికుడికి ఆ గీత కంటపడకపోవడంలో వింతేమీ లేదు గానీ, ఈ కొండల్లో గత వెయ్యేళ్లలో కట్టిన ప్రతి మెట్టూ, కోనేరూ, రోడ్డూ, డ్యామూ ఆ గీతకు లోబడే ఉన్నాయి.

ఎలాగంటే, క్వార్ట్‌జైటు ఎంత గట్టి రాయో అంత పగుళ్ల రాయి. వాన నీరు దాని ఒంట్లోకి ఇంకదు, నిలువు పగుళ్ల గుండా దిగుతుంది. అలా దిగిన నీరు కింద గ్రానైటు తగిలేసరికి మరి కిందికి పోలేక, రెండు రాళ్ల సందున పక్కకు జరిగి, ఎక్కడ వీలైతే అక్కడ ఊటగా బయటపడుతుంది. వానలు వెళ్లిపోయిన నెలల తరవాత కూడా శేషాచలంలో కొన్ని తీర్థాలు సన్నగా కారుతూనే ఉండటానికి కారణం ఇదే. ఊట బయటికొచ్చే చోట అడుగు రాయి నెమ్మదిగా మెత్తబడి, అరిగి, పైబండకు కాలు లేకుండా పోతుంది. కాలు పోయిన బండ పగులు వెంబడి నిలువునా విరిగి పడుతుంది. పడినచోట మళ్లీ కొత్త నిలువు గోడ తేలుతుంది. ఇలా వెనక్కి వెనక్కి తినుకుంటూ పోగా ఏర్పడినవే మన కోనలు. నది కోసుకుపోయి ఏర్పడే గండికీ వీటికీ తేడా ఉంది. గండికోట దగ్గర పెన్నా ఎర్రమల కొండలను అడ్డంగా కోసి అవతలికి దాటిపోయింది. శేషాచలంలో అంత పెద్ద నది లేదు, చిన్న చిన్న వంకలే ఉన్నాయి, ఆ వంకలకు తోడు ఊట, పగులు, విరుగుడు ఉన్నాయి. అయినా తుంబురు తీర్థం దగ్గర నిలబడి చూసినవారికి ఈ తేడా తోచదు. పాపవినాశనం నుంచి అడవి దారిన నడిచిపోతే, కొండ నిట్టనిలువునా రెండు చెక్కలైనట్టు విడిపోయి, ఆ సందులో నీరు నిలిచి ఉంటుంది. తలెత్తితే రెండు గోడల నడుమ ఆకాశం పట్టీలా కనిపిస్తుంది. ఫాల్గుణ పౌర్ణమి నాటి ముక్కోటికి జనం వెళ్లేది అక్కడికే. తలకోనలో సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకుతున్నదీ ఇటువంటి పొరల గోడ మీద నుంచే.

తిరుపతి ఊరికి అతి దగ్గరలో ఈ మొత్తం తంతు కనిపించేది కపిలతీర్థంలో. కొండ మీద కురిసిన వాన గోడ మీద నుంచి దూకి, నేరుగా కోనేట్లో పడుతుంది. వైష్ణవులు ఆళ్వారుతీర్థమని పిలుచుకునే ఈ కోనేటి చుట్టూ రాతి మెట్లు, సంధ్యావందన మండపాలు 16వ శతాబ్దంలో అచ్యుతరాయల కాలంలో ఏర్పడ్డాయి. జలపాతం అడుగున కోనేరు కట్టడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అందులో పనితనం వేరే ఉంది. నూరడుగుల పైనుంచి పడే నీరు మట్టి నేల మీద పడితే గుంత తవ్వుతుంది, గుంత పెరిగితే పక్కనున్న కట్టడం పునాది కదులుతుంది. అదే నీరు లోతైన నీటి మీద పడితే దాని ఊపు అక్కడే చచ్చి, నెమ్మదించి, మరవ (మిగులు నీరు పొర్లిపోయే దారి) మీదుగా పొర్లిపోతుంది. నేటి డ్యాముల అడుగున ఇంజినీర్లు నీటి ఊపు చంపడానికి కట్టే తొట్టికీ, ఆ కోనేటికీ సూత్రం ఒకటే. రాతి పని చేసిన ఆనాటి కాసెవాళ్లు దాన్ని ఏ లెక్కతో కట్టినా, ఫలితం మాత్రం పుణ్యస్నానానికీ పనికొచ్చింది, వరద ఊపు తగ్గించడానికీ పనికొచ్చింది.

కొండ మీద మరో పాత నీటి ఏర్పాటు ఇంతకన్నా నిరాడంబరమైనది. స్వామి అభిషేకానికి తిరుమలనంబి పాపవినాశనం నుంచి రోజూ నీళ్లు మోసుకొచ్చేవారనీ, ఆయన ముసలితనం చూసి స్వామే వేటగాడి వేషంలో వచ్చి దగ్గరలో ఆకాశగంగను చూపించాడనీ సంప్రదాయం చెబుతుంది. కథను కథగానే ఉంచి చూసినా, అందులో ఒక నీటి అధికారి లెక్క ఉంది: ఊట ఎంత దగ్గరైతే మోత అంత తక్కువ. ఇప్పటికీ అభిషేకానికి నీరు వచ్చేది ఆకాశగంగ నుంచే.

కొండ కింద కథ వేరు. తిరుమల ఆలయ శాసనాలు చదివితే 15, 16 శతాబ్దాల్లో, విజయనగరాన్ని ఏలిన సాళువ, తుళువ రాజుల కాలంలో, భక్తులు నైవేద్యానికిచ్చిన సొమ్మును దేవస్థానం పెట్టెలో పెట్టి ఊరుకోలేదని తెలుస్తుంది. ఆ సొమ్ముతో దేవుడి గ్రామాల్లో చెరువులు తవ్వించారు, కాలువలు బాగుచేయించారు. పెరిగిన పంటలో వచ్చే భాగంతో దాత కోరిన నైవేద్యం ఏటేటా జరిగేది. అంటే దానపు అసలు చెరువుగా మారితే, వడ్డీ ప్రసాదంగా వచ్చేది. బహుశా ఈ ప్రాంతపు నీటి చరిత్రలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మరొకటి లేదు. కొండ మీది నుంచి దిగే వంకలు స్వర్ణముఖిలో కలిసి శ్రీకాళహస్తి మీదుగా సముద్రానికి పోయేలోపు, ఎక్కడికక్కడ కట్ట వేసి, తూము పెట్టి, మిగిలిన నీరు పోవడానికి మరవ వదిలి, కింది చెరువుకు అప్పజెప్పే గొలుసు ఒకటి ఇలా తయారైంది. ఈ గొలుసులో ప్రతి చెరువు మరవా కింది చెరువుకు ఆధారం. కనక ఒక మరవను పూడ్చి ఇళ్ల స్థలాలు వేస్తే నష్టం ఒక్క చెరువుతో ఆగదు. తిరుపతి చుట్టుపక్కల గత నలభై యాభై ఏళ్లలో జరిగింది చూస్తే ఈ మాటకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నీటి సంగతి అలా ఉంచి, దారుల సంగతికి వద్దాం. కొండ ఎక్కడానికి పాత నడక దారులు ప్రధానంగా రెండు. అలిపిరి దారిలో 3550 మెట్లు, దూరం సుమారు 9 కి.మీ. చంద్రగిరి వైపు నుంచి, శ్రీనివాసమంగాపురం దాటి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, దూరం 2 కి.మీ. పైచిలుకు. చంద్రగిరిలో రాజులు విడిది చేసిన కాలంలో రాచవారు కొండెక్కింది ఈ దగ్గరి దారినే అని చెప్పుకుంటారు. రెండు దారులూ చేరేది ఒక చోటికే, ఎక్కే ఎత్తూ ఇంచుమించు ఒకటే, ఏడు వందల మీటర్ల దాకా. మరి దూరంలో ఇంత తేడా ఎందుకు వచ్చింది?

శ్రీవారి మెట్టు కోనను పట్టుకుని ఎక్కుతుంది. కోన ఎప్పుడూ కొండలోకి చొచ్చుకుపోయి ఉంటుంది కనక, దాని వెంబడి వెళ్తే తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు ఎక్కవచ్చు. నీరు దిగడానికి ఎంచుకున్న దారిలోనే మనిషి ఎక్కుతున్నాడన్నమాట. అలిపిరి దారి దీనికి విరుద్ధం. అది గట్టు వీపు మీద ఎక్కి, మట్లి అనంతరాజు 17వ శతాబ్దం మొదట్లో కట్టించిన గాలిగోపురం దగ్గర కొండ అంచుకు చేరి, అక్కడి నుంచి అడవిలో చాలాదూరం చదునుగా నడిచి, కోన తప్పనిసరి అయినచోట మాత్రమే, అంటే అవ్వాచారి కోన దగ్గర, దాని అంచు పట్టుకుంటుంది. ఆ చోట వెంటనే మోకాళ్ల మిట్ట వస్తుంది. చదును దారికి అలవాటుపడిన కాళ్లకు ఆ నిట్టనిలువు మెట్లు మోకాళ్లు పట్టుకునేలా చేస్తాయి. భాష్యకారులు, అంటే రామానుజులు, కొండను కాలితో తొక్కడానికి మనసొప్పక మోకాళ్ల మీద ఎక్కారన్న కథ సంగతి ఎలా ఉన్నా, కట్టినవారు కోనకు దూరంగా ఉండటం కోసం చుట్టు దారిని ఒప్పుకున్నారని ఆ దారి నడక చెబుతుంది. గట్టు మీద పడిన వాన రెండు వైపులకూ విడిపోతుంది, కోనలో పడిన వాన ఒక చోట పోగవుతుంది. తక్కిన విశ్లేషణంతా ఈ ఒక్క వాక్యానికి వివరణే.

మొదటి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరుచుకుంది. దాని రూపకల్పనకు సంబంధించి మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెబుతారు. అంతకు ముందు కొండెక్కాలంటే నడకో, డోలీయో తప్ప మార్గం లేదు. సుమారు 19 కి.మీ. పొడవున్న ఆ రోడ్డు మలుపులు మలుపులుగా తిరుగుతూ ఎక్కుతుంది. కొండను కోయడం కన్నా కొండతో పాటు తిరగడమే ఎక్కువ కనిపిస్తుంది అందులో. డబ్బు, యంత్రాలు, పేలుడు మందు తక్కువగా ఉన్న కాలంలో కొండను బతిమాలుకోక తప్పదు కాబట్టి దీన్ని అతిగా మెచ్చుకోనక్కర్లేదు. 1974 నాటికి రెండో రోడ్డు వచ్చింది. అది ఇప్పుడు ఎక్కే రోడ్డు, మొదటిది దిగే రోడ్డు. రెండో రోడ్డు పై భాగం నిలువు క్వార్ట్‌జైటు గోడల అడుగున సాగుతుంది, పలుచోట్ల ఆ గోడను కోసి చోటు చేసుకున్నారు. బండ పొరలు ఎటు వాలి ఉన్నాయి, నిలువు పగుళ్లు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయా లోపలికి తిరిగి ఉన్నాయా అన్నదాని మీద అటువంటి కోత భద్రత ఆధారపడి ఉంటుంది. రోడ్డు కోసం బండ కాలు తీసేస్తే, ఊట లక్షల ఏళ్లలో చేసే పనిని మనిషి కొన్ని నెలల్లో చేసినట్టే. ఆపైన ప్రతి వానకూ పగుళ్లలోకి నీరు చేరి లోపలి నుంచి నెడుతుంది, చెట్ల వేళ్లు సందు వెడల్పు చేస్తాయి, ఎండకు పొంగి రాత్రికి ముడుచుకునే రాయి రోజూ వెంట్రుకవాసి కదులుతుంది.

డ్యాముల కథ రోడ్ల తరవాతి కథ. రోడ్డు వచ్చాక జనం పెరిగారు, జనం పెరిగాక నీరు చాలలేదు. తిరుమల మీద ఇప్పుడు ఐదు జలాశయాలున్నాయి. పాపవినాశనం డ్యాము నిలవ 5240 లక్షల గ్యాలన్లు, కుమారధార 4258, గోగర్భం 2833, పసుపుధార 1287, ఆకాశగంగ 685. ఐదూ కలిపితే 14,300 లక్షల గ్యాలన్ల పైచిలుకు. వినడానికి పెద్ద అంకె. కానీ రాయలసీమ రైతుకు తెలిసిన లెక్కలోకి మారిస్తే ఇది ఒక టీఎంసీలో నాలుగో వంతు కూడా కాదు. పెద్ద కోనలున్నా పెద్ద నది లేకపోవడమంటే ఇదే: ఇరుకు సందుకు అడ్డంగా చిన్న గోడ కడితే చాలు కాబట్టి డ్యాము చవకగా వస్తుంది, కానీ వెనకాల నీరు నిలవడానికి చోటూ ఇరుకే, వచ్చే వాగూ చిన్నదే. 2024లో లెక్కచెప్పిన ప్రకారం తిరుమల రోజువారీ అవసరం సుమారు 43 లక్షల గ్యాలన్లు; అంటే ఐదూ అంచు దాకా నిండితే, ఆవిరైపోయేదీ కారిపోయేదీ లెక్కలో వేసుకోకుండా, పదకొండు నెలలకు సరిపోతాయి. ఏడాదికి నెల తక్కువ. ఆ ఒక్క నెల కోసమూ, నిండని ఏళ్ల కోసమూ కింది నుంచి నీరు తేవాలి.

కింది నుంచి తేవడమన్నది 1977లో చంద్రగిరి మండలంలో కల్యాణి నది మీద కట్టిన డ్యాముతో సాధ్యపడింది. కల్యాణి స్వర్ణముఖికి ఉపనది, అదీ ఈ కొండల నీళ్లతోనే నడిచేది. కొండ మీది నుంచి జారి కిందికి వచ్చిన నీటినే పట్టి, మోటార్లు పెట్టి మళ్లీ కొండ మీదికి ఎక్కిస్తున్నాం. కొండ మీది డ్యాముల్లో కూడా ఇదే చిక్కు ఉంది. పాపవినాశనం పూర్తి మట్టం సముద్ర మట్టానికి 697 మీటర్లు, తిరుమల ఊరు ఉన్నది 850 మీటర్ల పైన. ఐదింటిలోకీ పెద్ద జలాశయం ఊరికన్నా నూటయాభై మీటర్ల లోతున ఉంది. కుమారధార, పసుపుధారల మట్టం 898 మీటర్లు కనక అవి ఊరికన్నా ఎత్తున ఉన్నాయి గానీ, వాటి పరీవాహక ప్రాంతం చిన్నది. కోనలో కిందికి దిగేకొద్దీ నీరు పెరుగుతుంది, కరెంటు ఖర్చూ పెరుగుతుంది; తిరుమల నీటి ఇంజినీరు జీవితమంతా ఈ రెండింటి మధ్య బేరమే. తిరుపతి ఊరికి వస్తే, తెలుగుగంగ పుణ్యమా అని కండలేరు నుంచి కృష్ణా నీరు కూడా చేరింది కాబట్టి, శేషాచలం ఊటల మీది భారం కొంత తగ్గింది.

ఈ కట్టడాలన్నిటికీ ఒకేసారి పరీక్ష పెట్టింది 2021 నవంబరు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి, అదీ అప్పటికే తడిసి ముద్దయిన కొండల మీద, నవంబరు 18న కుంభవృష్టి కురిసింది. తిరుమల డ్యాములు నిండి గేట్లు ఎత్తారు. కపిలతీర్థం దగ్గర జలపాతం బురద రంగు గోడలా దూకింది, పక్కనున్న కట్టడాలు కొన్ని దెబ్బతిన్నాయి. వంకలు తమ పాత దారులు వెతుక్కుంటూ తిరుపతి వీధుల్లోకి వచ్చాయి. ఆ దారుల్లో ఇళ్లు లేచాయన్న సంగతి వంకలకు తెలియదు. కల్యాణి గేట్లు ఎత్తడంతో స్వర్ణముఖి ఏళ్ల తరవాత ఒడ్డులొరుసుకుని పారింది.

రెండు మెట్ల దారుల్లోనూ నీరు మెట్ల మీదుగా దూకింది. కానీ తరవాత జరిగింది వేరు. అలిపిరి దారి త్వరగానే మళ్లీ నడకకు తెరుచుకుంది. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు కొట్టుకుపోయాయి, బండలు దొర్లి వచ్చి దారి మీద కూర్చున్నాయి, కింద పునాది మట్టి పోయింది. ఆ దారి మళ్లీ తెరుచుకునేసరికి 2022 మే నెల వచ్చింది. రెండూ పాత దారులే. పాతవాళ్లు కట్టినవి నిలుస్తాయి, కొత్తవి కూలుతాయి అన్న మాట మనకు అలవాటైన మాట, చెవికి ఇంపైన మాట కూడా; ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూస్తే అది నిలబడదు. నిలబడినది గట్టు మీది దారి. పోయినది కోనలోని దారి. కోనలో పోగైన నీరు మెట్టు పాతదా కొత్తదా అని చూడదు.

రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద దెబ్బ ఆలస్యంగా తగిలింది. ఆ కుంభవృష్టి పడిన దాదాపు రెండు వారాలకు, డిసెంబరు 1 తెల్లవారుజామున, పై గోడ నుంచి బండలు విరిగి రోడ్డు మీద పడి, కొన్నిచోట్ల రోడ్డును కోసుకుంటూ పోయాయి. అదృష్టవశాత్తూ ఆ క్షణంలో ఏ బస్సూ వాటి కింద లేదు. ఇన్ని రోజుల తరవాత బండ పడటమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. పగుళ్ల రాయిలో నీరు దిగడానికి రోజులు పడుతుంది. పైన ఎండ కాస్తుండగా లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. ఐఐటీ నిపుణులు వచ్చి కొండచరియలను పరిశీలించారు, మరమ్మతులు జరిగి ఎక్కే రోడ్డు మామూలయ్యేదాకా మొదటి ఘాట్ రోడ్డే భారం మోసింది. ఇటువంటి చోట్ల చేయగలిగిన పనులు నాలుగైదే: వదులుగా ఉన్న బండను ముందే దింపేయడం, దింపలేనిదాన్ని లోపలి గట్టి రాయికి ఉక్కు కడ్డీలతో కుట్టి సిమెంటు పాలు పోసి బిగించడం, గోడ మీద ఇనుప వల కప్పడం, అడుగున రాతి కట్టు లేపడం, అన్నిటికన్నా ముఖ్యంగా లోపలి నీరు బయటికి రావడానికి రంధ్రాలు వేయడం. చివరిది బయటికి కనిపించదు కాబట్టి దాని మీద శ్రద్ధ తక్కువ. వల, కడ్డీ బండను పట్టుకుంటాయి. రంధ్రం బండను నెట్టేదాన్ని తీసేస్తుంది.

నవంబరు 18 వాన పడిన వారంలోనే మరో రెండు చోట్ల మట్టికట్టలకు పరీక్ష జరిగింది. రామచంద్రాపురం మండలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి చేసిన రాయలచెరువు, కృష్ణదేవరాయల కాలపుదని పేరున్నది, నిండి, కట్టలో ఊట కనిపించింది. కింది ఊళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలతో, సిమెంటుతో కట్టను కాపాడారు. శేషాచలానికి అవతల, రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నవంబరు 19 తెల్లవారుజామున కొట్టుకుపోయి, కింద పల్లెలను ఊడ్చేసింది. ఇక్కడ పాత కట్ట నిలిచి కొత్త కట్ట తెగింది కదా అనవచ్చు. కానీ రాయలచెరువు నిలిచింది వయసు వల్ల కాదు. రాత్రింబగళ్లు జనం దాని మీద ఉండి, ఊట ఎక్కడ పుడితే అక్కడ బరువు వేశారు, పైగా ఆ చెరువుకు వచ్చే నీరు చెయ్యేటి వరదకు ఏ లెక్కలోనూ సరితూగేది కాదు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది ఐదు వందల ఏళ్లదైనా ఇరవై ఏళ్లదైనా గంటల్లో పోతుంది. దాన్ని కాపాడేది మరవ వెడల్పూ, గేటు పనిచేయడమూ మాత్రమే.

శ్రీవారి మెట్టును తిరిగి కట్టినప్పుడు దారిని గట్టు మీదికి మార్చలేదు, మార్చడానికి వీలూ లేదు. పాత దారి పాత దారే కావాలన్నది భక్తుల కోరిక, దగ్గరి దారి కావడమే దాని ప్రాణం. మెట్లు మళ్లీ వేశారు. ఇక వాన పెద్దగా పడుతుందని హెచ్చరిక వచ్చిన రోజున ఆ దారిని మూసి ఉంచడమే దానికి తగిన ఇంజినీరింగు. 2021 నవంబరులో వానకు ముందే రెండు నడక దారులనూ మూసివేయడం వల్లనే, అన్ని మెట్లు పోయినా ఆ కోనలో యాత్రికులు చిక్కుకోలేదు.